వన్స్‌మోర్ అన్నప్పుడు చంద్రమతి ఏం చేసేది?

హరిశ్చంద్ర నాటకంలో ఏ పద్యం గొప్పది, ఏది పేలవం, ఎవరి గొంతులో ఏది పండింది, ఎవరు పాడి చెడగొట్టారు? ఈ తగువు మా ఒంగోలు చుట్టుపక్కల ఇళ్లలో కనీసం మూడు తరాలు నడిచింది. పెళ్లి పందిట్లో నడిచింది, కల్లం దగ్గర నడిచింది, టీకొట్టు బల్లల మీద నడిచింది. వియ్యంకులు కూడా ఈ విషయంలో రాజీపడేవాళ్లు కాదు. కట్నం దగ్గర సర్దుకున్న మనుషులు కాటి సీను దగ్గర సర్దుకోలేదని మా పెద్దవాళ్లు నవ్వుతూ చెప్పేవాళ్లు.

అయితే ఆ తగువులో మనకు బాగా వినపడింది మగవాళ్ల గొంతే. ఆడవాళ్ల లెక్క వేరే ఉండేది. అది వంటింట్లో, మిరపచేలో, నీళ్ల పంపు దగ్గర నడిచేది. ఈ రోజు ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూద్దామనిపించింది. పద్యనాటకం చరిత్ర రాసినవాళ్లు నటుల గురించి రాశారు, కవుల గురించి రాశారు. గోనెపట్టా పరుచుకుని తెల్లారేదాకా కూర్చున్న ఆడవాళ్లకు ఏది నచ్చింది, ఏది నచ్చలేదు అన్నది మాత్రం మనమే చెప్పుకోవాలి.

ముందు నాటకం సంగతి. మన ప్రాంతంలో హరిశ్చంద్ర అంటే బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రీయమే. ఆయన 1881లో బాపట్ల దగ్గర ఇటికంపాడులో పుట్టారు. 1912లో ఈ నాటకం రాశారు. కథ మీకు తెలిసిందే. ఇచ్చిన మాట కోసం రాజ్యం వదులుకున్న రాజు విశ్వామిత్రుడికి ఇంకా బాకీ పడతాడు. బాకీ వసూలుకు నక్షత్రకుడు వెంటపడతాడు. మనం ఇప్పటికీ చీటీ డబ్బుల కోసం వదలకుండా తిరిగేవాణ్ణి నక్షత్రకుడు అంటాం కదా, ఆయనే. కాశీలో రాజు భార్యను అమ్ముతాడు, కొడుకు లోహితాస్యుడు తల్లి వెంట పోతాడు. తర్వాత తానూ వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అవుతాడు. పిల్లాణ్ణి పాము కరుస్తుంది. తల్లి శవాన్ని ఎత్తుకుని ఆ కాటికే వస్తుంది. కాటి సుంకం కట్టందే దహనం కుదరదని భర్తే అడ్డుపడతాడు.

ఇంత దుఃఖం ఉన్న కథను జనం ఏడాది తర్వాత ఏడాది, రాత్రి తర్వాత రాత్రి ఎందుకు చూశారు? పద్యం కోసం. కథ ముందే తెలుసు కాబట్టి ఏం జరుగుతుందోనన్న ఆత్రం ఉండదు. ఎలా పాడతారోనన్న ఆత్రమే.

ఆ నాటకాలకు ఒక కాలం ఉండేది. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి మిరపకోతలు జోరుగా ఉంటాయి, పత్తి ఇంటికి చేరుతుంటుంది, చేతిలో కాస్త డబ్బు ఆడుతుంది. అప్పుడే శివరాత్రి. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టుకుని బళ్లు కదిలేవి. రాత్రంతా జాగారం చెయ్యాలి. జాగారానికి నాటకాన్ని మించింది ఏముంది? ఆ తర్వాత శ్రీరామనవమి పందిళ్లు. కంట్రాక్టరు ఒక్కో ఊరినుంచి ఒక్కో నటుణ్ణి పిలిపించేవాడు. చాలాసార్లు వాళ్లు కలిసేది నేరుగా స్టేజీ మీదే. తెనాలి ఈ కంట్రాక్టు నాటకాలకు పెద్ద కేంద్రం. ఒక్క నాటకంలో ఇద్దరు హరిశ్చంద్రులు ఉండేవాళ్లు. వారణాసి సీనుకు ఒకరు, కాటి సీనుకు ఒకరు. పోస్టరు మీద ఎవరు ఏ సీనుకో వేసేవాళ్లు. దాంతో పోలిక దానంతట అదే వచ్చేసేది.

మిరపకాయలు కోసొచ్చిన ఆడవాళ్లకు చేతుల మంట చల్లారకముందే పొయ్యి ముట్టించాలి. అన్నాలు పెట్టి, గిన్నెలు కడిగి, పిల్లల్ని చంకనేసుకుని పందిరి చేరేసరికి మొదటి రెండు రంగాలు అయిపోయి ఉండేవి. అందుకే మా నాయనమ్మకు విశ్వామిత్రుడి సభ సీను గురించి పెద్దగా తెలియదు. ఆమెకు నాటకం కాశీలోనే మొదలయ్యేది. ఆడవాళ్లకు ఒక వైపు తాడు కట్టి చోటు వదిలేవాళ్లు. నిద్రపోయిన పిల్లల మీద దోమలు వాలకుండా కొంగుతో విసురుతూ చూడటమే చూడటం.

ఇక వన్స్‌మోర్ సంగతి. పద్యం పాడటం అయ్యాక నటుడు చివరి పాదం మీద రాగం అందుకుంటాడు. హార్మోనిస్టు కూడా తగ్గడు. ఒకరు ఒక మెట్టు ఎక్కితే రెండోవారు రెండు మెట్లు ఎక్కుతారు. రాగం దిగీదిగక ముందే వెనకనుంచి ‘వన్స్‌మోర్’ అని కేక. ఇంగ్లీషు అక్షరం రాని రైతు నోట కూడా ఆ మాట స్పష్టంగా పలికేది. మళ్లీ పాడితే పది రూపాయల నోటు గుండీకి గుచ్చేవాళ్లు. మైకులో చదివింపులు చదివేవాళ్లు, ఫలానా ఊరి ఫలానా వారు ఫలానా పద్యానికి మెచ్చి ఇంత అని. అంటే ఏది గొప్ప పద్యం అన్న ఓటు అక్కడికక్కడే, డబ్బుతో సహా పడిపోయేది. వన్స్‌మోర్ రాని పద్యం పేలవమైందనే లెక్క. దాన్ని మరుసటి ఏడాది నటుడు సగానికి కోసేసేవాడు.

మగవాళ్ల జాబితా ఇలా తయారైంది. కాశీ వర్ణన పైన, వారణాసి వేలం పైన, కాటి సీను అన్నిటికంటే పైన. గొంతుల దగ్గర పక్షాలు ఉండేవి. ఒక తరం అద్దంకి శ్రీరామమూర్తి గారిని తలుచుకునేది. 1935లో తీసిన హరిశ్చంద్ర టాకీలో రాజు ఆయనే, చంద్రమతి పసుపులేటి కన్నాంబ. కన్నాంబకు అదే మొదటి సినిమా. తర్వాతి తరానికి కృష్ణా జిల్లా డి.వి. సుబ్బారావు గారు. ఆ తర్వాత చీమకుర్తి నాగేశ్వరరావు గారు. ‘సుబ్బారావు పాడితే మాట వినపడుద్ది’ అని ఒకళ్లు, ‘నాగేశ్వరరావు పాడితే ఒళ్లు జలదరిస్తది’ అని ఇంకొకళ్లు. మా తాతయ్య, ఆయన బావమరిది ఈ ముక్క మీద రెండు సంక్రాంతులు మాట్లాడుకోలేదట.

ఈ రాగాల పోటీ మంచిదేనా అన్న తగువు పెద్దల్లోనూ ఉంది. బళ్లారి రాఘవ గారు నాటకంలో పద్యాన్ని కచేరీలాగా సాగదీసి పాడటానికి ఒప్పుకునేవారు కాదు. బాధలో ఉన్న మనిషి రాగాలు తీస్తాడా అన్నది ఆయన పక్షం. లోకంలో ఇది మనకొక్కరికే వచ్చిన సమస్యా కాదు. ఇటలీలో సంగీత నాటకాలు ఆడే మిలాన్ నగరపు లా స్కాలా థియేటరులో కూడా జనం మెచ్చిన పాటను మళ్లీ పాడమని గోల చేసేవాళ్లు. టోస్కానినీ అనే సంగీత నిర్వాహకుడు ఆ గోలకు లొంగేవాడు కాదు. కథ నడుస్తుంటే మధ్యలో ఆపి వెనక్కి పోవడం ఏమిటని ఆయన పట్టుదల. మిలాన్ పట్టుశాలువాల జనమైనా, మా ఊరి తలపాగాల జనమైనా, గొంతు నచ్చితే ఆగలేరన్నమాట.

ఈ కాలం పిల్లల్లోనూ ఇది చూస్తున్నాను. మా అక్క కొడుకు బెంగళూరులో ఉద్యోగం. వాడికి హెవీ మెటల్ పిచ్చి. మెటాలికా అనే అమెరికా బ్యాండు 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడిందన్న సంగతి వాడు పండగ తేదీలా చెబుతాడు. సెలవలకు వస్తే వాడూ, వాడి స్నేహితులూ మా డాబా మీద కూర్చుని ఆ బ్యాండులో గొప్ప పాటలేవి, చెత్త పాటలేవి అని అర్ధరాత్రి దాకా వాదిస్తారు. 1991లో వచ్చిన ఆల్బమ్‌తో వేగం తగ్గించి అందరికీ నచ్చేలా పాడటం మొదలుపెట్టారని ఒకడు, అదే వాళ్ల గొప్ప ఆల్బమ్ అని ఇంకొకడు. 2003 ఆల్బమ్ దగ్గర మాత్రం అందరూ ఒక్కటవుతారు. డ్రమ్ము మోత ఖాళీ బిందె మీద గరిటెతో కొట్టినట్టుందని తిట్టుకుంటారు. నేను మజ్జిగ గ్లాసులు పట్టుకెళ్లి వింటూ నిలబడతాను. ‘మా కాలంలో పాడినట్టు ఇప్పుడెవరు పాడుతున్నారు’ అన్న మా తాతయ్య మాటే, ఇంగ్లీషులో.

వాళ్ల వాదనలో ఒక విషయం నన్ను పట్టేసింది. 1988లో వచ్చిన వాళ్ల పాట ఒకటి ఉందట. యుద్ధంలో కాళ్లూ చేతులూ, చూపూ మాటా పోయిన సైనికుడు, నన్ను చావనివ్వండి అని లోపల్లోపల మొత్తుకునే పాట. పిల్లలు మాట్లాడుకునేది దాని చివర గిటారు ఎంత వేగంగా వాయించారన్న దాని గురించి. ఆ ఆల్బమ్ మొత్తంలో బేస్ గిటారు దాదాపు వినపడకుండా నొక్కేశారని కూడా గొడవ. ముప్పై ఏళ్లు దాటినా అభిమానులు దాన్ని మర్చిపోలేదట. అది విన్నప్పుడు నాకు చంద్రమతి గుర్తొచ్చింది. కాటి సీనులోనూ అంతే కదా. మోత ఎక్కువైన చోట ఎవరిదో ఒకరి గొంతు అడుగున పడిపోతుంది.

ఇప్పుడు ఆడవాళ్ల లెక్కకు వద్దాం.

మగవాళ్ల జాబితాలో పైనున్న వారణాసి సీను చూడండి. అందులో ఒక సీస పద్యం ఉంది. తెలుగునాట అది నోటికి రాని పద్యాభిమాని ఉండడు. అందులో రాజు తన భార్య గుణాలు ఒక్కొక్కటిగా చెబుతాడు. ఎంత అణకువ గలది, భర్తకు ఎదురుచెప్పదు, అత్తమామల మాట మీరదు, ఎంత ఓర్పు గలది అని. నడక గొప్పది, పదాల పొందిక గొప్పది. సీసానికి పొడుగు పాదాలు కాబట్టి రాగానికి కావలసినంత చోటు. వన్స్‌మోర్ పడని రోజు లేదు.

కానీ ఆ పద్యం ఎందుకు పాడుతున్నాడు? నలుగురు నిలబడ్డ బజారులో ఆమెను కొనమని. సంతలో గిత్త పళ్లు చూపించి, మూపురం నిమిరి, ఇంత బరువు లాగుతుందని చెప్పినట్టు. మన ఒంగోలు గిత్తల బేరం చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మా నాయనమ్మ మాట ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటాం. ‘పాడటానికి దాన్ని మించింది లేదే. చెప్పటానికి దానంత చెడ్డదీ లేదు. కాపురంలో ఒక్కనాడు చెప్పాడంట్రా ఆ మాటలు? అమ్మేటప్పుడు గుర్తొచ్చాయా?’ ఆడవాళ్ల జాబితాలో ఆ ఒక్క పద్యం రెండు చోట్లా ఉండేది, మొదటా, చివరా.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. కథ పాతది, బలిజేపల్లి వారు పుట్టించింది కాదు. మార్కండేయ పురాణంలో రాణి పేరు శైబ్య. అక్కడ అమ్మమని ముందుగా నోరు తెరిచి చెప్పేది ఆమే. తెలుగులో 15వ శతాబ్దంలో గౌరన ఈ కథను హరిశ్చంద్రోపాఖ్యానం పేరుతో ద్విపదలో రాశాడు. ద్విపద అంటే రెండేసి పాదాలు, పాడుకుంటూ పోవచ్చు, తిరగలి తిప్పుతూ కూడా. గౌరన నుంచి బలిజేపల్లి దాకా, ఆమె ఒప్పుకునే అమ్ముడుపోయింది అన్న మాట నిలబడింది. గాంధీ గారు చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి, అందరూ హరిశ్చంద్రుడిలా సత్యం కోసం ఎందుకు నిలబడరు అని రాత్రింబవళ్లు ఆలోచించానని ఆత్మకథలో రాసుకున్నారు. చంద్రమతిని గురించి అలా ఆలోచించిన ఆడపిల్లలు ఎందరో ఉండి ఉంటారు. వాళ్ల ఆత్మకథలు మన దగ్గర లేవు, అంతే.

మా వైపు ఆడవాళ్లకు ఆ వేలం పురాణంలా తోచేది కాదు. పత్తి, పొగాకు, మిరప పండించే నేల ఇది. అంతా పెట్టుబడి పంట. విత్తనానికి అప్పు, మందుకు అప్పు, కూలికి అప్పు. అప్పు ముదిరితే మొదట కదిలేది ఆడదాని ఒంటి మీది బంగారం. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసిన ఏడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు చేలో కొట్టాల్సిన మందు తామే తాగారు. ఆ ఇళ్లలో మిగిలింది ఆడవాళ్లూ, బాకీలూ. నక్షత్రకులు గుమ్మంలో అలాగే ఉన్నారు. అటువంటి ఏడు హరిశ్చంద్ర నాటకం చూసిన ఆడమనిషికి వారణాసి సీనులో రాగం ఎన్ని మెట్లు ఎక్కిందన్నది కనపడదు. బాకీ ఒకరిది, అమ్ముడుపోయేది ఇంకొకరు అన్నది కనపడుతుంది. నాటకంలో చివరికి భార్యాభర్తలు ఒకళ్లనొకళ్లు గుర్తుపట్టేది మెడలో మంగళసూత్రం వల్లనే. తాళి ఒక్కటి తప్ప అన్నీ తాకట్టు పెట్టిన ఆడవాళ్లు ఆ చోట ఏడవకుండా ఎలా ఉంటారు?

కాటి సీనుకు వస్తే, మగవాళ్లకూ ఆడవాళ్లకూ కొంత వరకు మాట కలిసేది. ఆ సీనులో జనం గుండెల్లో పెట్టుకున్న పద్యాలు కొన్ని బలిజేపల్లి వారివి కావు. అవి గుఱ్ఱం జాషువా గారివి. వినుకొండలో 1895లో పుట్టిన జాషువా గారు రాసిన ‘శ్మశానవాటి’ ఖండికలోని పద్యాలను నటులు తెచ్చి ఈ సీనులో కలుపుకున్నారు. కవి కలమూ, కొత్త పెళ్లికూతురి మాంగల్యమూ, రాజుల అధికారమూ, చిత్రకారుడి కుంచే అన్నీ ఈ బూడిదలోనే కలిశాయి అన్న పద్యం ఆయనదే. అంటరానితనానికి ఇక్కడ చోటు లేదు అన్న పద్యమూ ఆయనదే. కులం పేరుతో ఎన్నో గుమ్మాల్లో అవమానాలు పడిన కవి రాసిన మాటలకు, ఏ కులం వాళ్లు ఎక్కడ కూర్చోవాలో అప్పటికింకా లెక్కలేసుకుంటున్న ఊళ్లలో వన్స్‌మోర్లు పడ్డాయి. చాలామంది అది బలిజేపల్లి వారి పద్యమే అనుకుని పాడుకున్నారు. అభిమానుల జాబితాల్లో ఇదొక చిత్రం. పద్యం మొదటి స్థానంలో ఉంటుంది, రాసినవారి పేరు ఎక్కడా ఉండదు.

ఆ పద్యాలు ఆడవాళ్లకూ ఇష్టమే. మాంగల్యం బూడిదైన చోటు అన్నప్పుడు పక్కవాళ్ల చెయ్యి పట్టుకునేవాళ్లట. గొడవ ఎక్కడంటే, పద్యాల తర్వాత చంద్రమతి వచ్చాక.

ఆమె ఒళ్లో బిడ్డ శవం ఉంటుంది. ఆమె నోరు విప్పి ఏడుస్తుంటుంది. అటునుంచి కాటికాపరి వచ్చి ఒక పద్యం అందుకుంటాడు. జనం వన్స్‌మోర్ అంటారు. మళ్లీ పాడతాడు. రాగం, హార్మోనీ, రాగం. నోటు గుచ్చటానికి ఒకాయన స్టేజీ ఎక్కుతాడు. మైకులో చదివింపులు. అప్పటిదాకా చంద్రమతి ఏం చేస్తుంది? కూర్చుంటుంది. ఏడుపు ఆపి కూర్చుంటుంది. చచ్చిపోయిన పిల్లాడి వేషం వేసినవాడికి దోమ కుడితే చాటుగా గోక్కుంటాడు. ఆమె కొంగు సర్దుకుంటుంది. రెండోసారి రాగం దిగాక మళ్లీ ఏడుపు అందుకుంటుంది.

మా పెద్దత్తయ్య దీన్ని చాలా మామూలుగా చెప్పేది. ‘మగాళ్లకి మళ్లీ మళ్లీ కావాలమ్మా. ఆ బిడ్డని ఒక్కసారి దహనం చెయ్యనిస్తే చాలని మాకు.’ ఆడవాళ్ల వైపు నుంచి వన్స్‌మోర్ కేక వచ్చినట్టు మా ఇళ్లలో ఎవరూ చెప్పలేదు. కేక వెయ్యడం ఆడవాళ్లకు మర్యాద కాకపోవడం ఒకటి. ఆ చోట కేక వెయ్యాలనిపించకపోవడం ఇంకొకటి.

చంద్రమతి వేషం చరిత్ర కూడా వినదగ్గదే. చాలా కాలం ఆ వేషం వేసింది మగవాళ్లే. మన బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు తొలిసారి ముఖానికి రంగు వేసుకుంది చంద్రమతిగానే. వెయ్యాల్సినతను ఆ రోజు రాకపోతే ఈయన ఎక్కారు. తర్వాత ఆడవేషాల్లో ఆయనను మించినవారు లేరనిపించుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. దేశమంతా అదే తీరు. ఫాల్కే 1913లో తీసిన మొదటి భారతీయ కథాచిత్రం రాజా హరిశ్చంద్రలో రాణిగా నటించింది సాలుంకే అనే మగమనిషి, హోటల్లో వంటవాడు. స్త్రీపాత్రలు స్త్రీలే వెయ్యాలని పట్టుబట్టినవారిలో బళ్లారి రాఘవ గారు ముందున్నారు. కొమ్మూరి పద్మావతీదేవి గారి వంటి చదువుకున్న ఇల్లాళ్లు ఆయన వెంట స్టేజీ ఎక్కారు. అప్పట్లో దానికి ఎంత ధైర్యం కావాలో మనకు తెలుసు.

తర్వాత ఆడవాళ్లు చంద్రమతి వేషంలోకి వచ్చారు. కానీ జాబితా మారలేదు. నాటకం పోస్టరు మీద హరిశ్చంద్రుడి పేరు పెద్దక్షరాల్లో, చంద్రమతి పేరు కింద చిన్నక్షరాల్లో. చంద్రమతికీ పద్యాలున్నాయి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి పద్యాలు. వాటికి వన్స్‌మోర్ పడటం తక్కువ కాబట్టి అవి కురచైపోయాయి. ఆడవాళ్ల లెక్కలో గొప్పవి అవే. మా నాయనమ్మకు హరిశ్చంద్రుడి పద్యాలు రాగంతో వచ్చేవి. చంద్రమతి పద్యాలు మాత్రం రాగం లేకుండా, మాటలుగా వచ్చేవి. మునిమాపున దీపం పెట్టేటప్పుడు గొణుక్కున్నట్టు చెప్పుకునేది. ఒక బిడ్డను పోగొట్టుకున్న మనిషి ఆమె. ఎందుకని ఎవరూ అడగలేదు.

నవ్వులు లేవనుకోకండి. చంద్రమతిని కొన్న కాలకౌశికుడి భార్య కలహకంఠి ఉంది. చంద్రమతిని నిలబడనివ్వదు, కూర్చోనివ్వదు. మగవాళ్ల లెక్కలో అది నటుడు టీ తాగి రావడానికి ఉన్న సీను. ఆడవాళ్లకు అది అసలు సీను. ఆ సీను అయ్యాక నెల రోజులు ప్రతి అత్తగారికీ వెనకాల కలహకంఠి పేరే. అత్తలు కూడా నవ్వేవాళ్లు, వాళ్లకూ ఒక కలహకంఠి ఉండే ఉంటుంది కదా.

మన ఒంగోలు పక్కనే దొడ్డవరంలో 1925లో పుట్టిన భానుమతి గారిని ఇక్కడ తలుచుకోకుండా ఉండలేను. ఆమె మొదటి సినిమా 1939లో వచ్చిన వరవిక్రయం. కాళ్లకూరి నారాయణరావు గారి నాటకం అది, కట్నం మీద. అక్కడ వేలం తిరగబడింది, అమ్ముడుపోయేది వరుడు. అందులో తండ్రి పురుషోత్తమరావుగా నటించింది ఎవరనుకున్నారు? మన హరిశ్చంద్ర కవి బలిజేపల్లి లక్ష్మీకాంతం గారే. కాళింది వేషం భానుమతి గారిది. కట్నం ఇచ్చి కొన్న పెళ్లి వద్దని ఆ పిల్ల ప్రాణమే తీసుకుంటుంది. భార్యను అమ్మే పద్యం రాసిన చెయ్యే, కూతురి కోసం వరుణ్ణి కొనలేక నలిగిన తండ్రిగా తెర మీదికి వచ్చింది. పాటలు, పద్యాలు అంటే గొంతు ఒక్కటే కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సంగతి దొరకలేదు.

తర్వాత గ్రామఫోను వచ్చింది. పాత రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పాడేది. అందులో రాగం పట్టాలంటే మాట తగ్గాలి, మాట పట్టాలంటే రాగం తగ్గాలి. ఆ తర్వాత క్యాసెట్లు. ఒంగోలు బస్టాండు కొట్లలో కాటి సీను క్యాసెట్టు లేని కొట్టు ఉండేది కాదు. మగవాళ్లకు వన్స్‌మోర్ అని అరిచే పని తప్పింది, వెనక్కి తిప్పుకుంటే సరిపోయేది. ఆడవాళ్లకు కూడా ఒక మేలు జరిగింది. నాటకం ఇంటికొచ్చింది. వంటింట్లో పప్పు రుబ్బుతూ మొదటి రంగం నుంచి వినగలిగారు. విశ్వామిత్రుడి సభ సీను ఏమిటో మా నాయనమ్మకు అరవై ఏళ్లు దాటాక తెలిసింది. విని, ‘ఓహో, ఇదా గొడవ. ఆ కోపిష్టి మునితో పంతమెందుకు, ముందే ఇంట్లో ఒక మాట అడిగుంటే పోయేది గదా’ అంది.

ఇప్పుడు హరిశ్చంద్ర నాటకాలు తిరునాళ్లలో తగ్గాయి. ఆడినా మొత్తం ఆడటం అరుదు. వారణాసి, కాటి సీను రెండే ఆడి ముగిస్తారు. అంటే మగవాళ్ల జాబితాయే నాటకం అయిపోయింది. కలహకంఠి పోయింది. లోహితాస్యుడు దర్భలు కోయడానికి పోవడం పోయింది. తల్లి ఎదురుచూడటం పోయింది. వన్స్‌మోర్ పడని ముక్కలన్నీ ఒక్కొక్కటీ రాలిపోయాయి. ఒక ఊరి జనం ఏది గొప్పదన్నారో అది నిలుస్తుంది, ఏది అడగలేదో అది పోతుంది. అందుకే ఏది మంచి పాట, ఏది చెడ్డ పాట అన్న తగువును నేను ఉబుసుపోక కబురుగా తీసుకోను. అడిగిన వాళ్ల గొంతును బట్టే మిగిలేది ఉంటుంది.

మా అక్క కొడుక్కి ఈ మధ్య కాటి సీను వినిపించాను. జాషువా గారి పద్యం దగ్గర కళ్లు పెద్దవి చేశాడు. ‘పిన్నీ, ఇది మా మెటల్ కంటే బరువుగా ఉంది’ అన్నాడు. తర్వాత వారణాసి పద్యం విన్నాడు. బాగుంది, మళ్లీ పెట్టమన్నాడు. పెడతాను గానీ, ఈసారి పక్కన నిలబడ్డ ఆవిడ మొహం ఊహించుకుంటూ విను అన్నాను. పద్యం అయ్యాక వాడు ఇంకోసారి పెట్టమనలేదు. చంద్రమతి పద్యాలు ఉన్నాయా అని అడిగాడు. మా దగ్గరున్న రికార్డింగులో లేవు. మీ అమ్మనో, అత్తగారినో అడిగి చూడండి. ఎవరికైనా నోటికి వచ్చేమో. రాగం రాకపోయినా పర్లేదు, మాటలు చెబితే చాలు, రాసి పెట్టుకుందాం.